నకలు, నకిలీ

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసినది. పచ్చడి అందరికీ అందినది. వంటశాలనుండి పులిహోర తాలింపు వాసన వస్తూ వున్నది. ఇటువంటి సమయములో కార్యదర్శిగారు మమ్ము నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆకలిమీద వున్న సభకు నీతులు చెప్పబోవడము క్షేమము గాదని మాకు తెలుసును. కావున మా ఇంట్లో జరిగిన ఒక గొలుసు కథ చెప్పి, దానినుండి మాకు తోచిన రెండు మాటలు మనవి చేసుకొంటాము.

మన సంఘములో నెల్లూరునుండి, కడపనుండి బ్రతుకు తెరువుకై వచ్చి తిరువళ్ళూరులో స్థిరపడినవారున్నారు. మావంటి తిరుత్తణివారు కొందరున్నారు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రములో చేరినప్పుడు, మా పెద్దలు ఇల్లు కదలకుండానే ప్రవాసులైనారు. ఆ పాత ఇంటి పెరట్లోనే ఈ కథ జరిగినది.

నిరుడు బట్టలు ఆరవేస్తూ వుండగా మా ఇంటావిడ మెడలోని గొలుసు తెగి ఎక్కడో పడిపోయినది. అది ఆమెకు పుట్టింటివారు పెట్టినది. తులము తూగదు గాని, తల్లి చేతి సొమ్ము గదా! మా పెరడు ఎర్రని గరప నేల. నాలుగు వానలు కురిసి మన్ను కదిలిపోయి వున్నది. రెండు రోజులు వెదికినా దొరకలేదు. అప్పుడు ఎవరో మెటల్ డిటెక్టరు తెమ్మని సలహా చెప్పినారు. కృత్తికనాడు గుడివాకిట పోలీసువారు మన ఒంటిమీద తిప్పే పరికరము గదా, నేలమీద తిప్పేది దానికి పెద్దన్న వంటిది.

మేము చెన్నపట్నము వెళ్ళి ఒకటి కొన్నాము. పెట్టెమీద పేరుగల విదేశీ కంపెనీ ముద్ర వున్నది. వెల మాత్రము అసలు వెలలో మూడవవంతు. ఇంత చవక ఎట్లా అని అడగవలసిన మేము అడగలేదు. అడిగితే బేరము చెడుతుందేమో అని మా భయము. ఇంటికి తెచ్చి తిప్పినాము. మట్టిమీద పెడితే కూసినది. గాలిలోకి ఎత్తితే కూసినది. మా ఇంటావిడ చేతి గాజు దగ్గరికి తెస్తే మాత్రము మౌనవ్రతము పట్టినది! కంపెనీ మరమ్మతులవారికి పంపితే విప్పి చూచి, "పేరు మాది, లోపలి సరుకు మాది గాదు" అని తిప్పి పంపినారు. అమ్మిన దుకాణమువారు రశీదు లేదు పొమ్మన్నారు.

మా మేనల్లుడు ఒకడు తిరువళ్ళూరులో వుండి పాలిటెక్నిక్కు చదువుతున్నాడు. వాడు ఆ యంత్రమును విప్పి చూచినాడు. చిప్పులమీద పేర్లు గీకివేసి వున్నవి. వాడు నవ్వి, "మామా, ఇది నేనే చేస్తాను" అన్నాడు. ఎవరో ఒక విదేశీయుడు వినోదానికి తయారుచేసి అందరికీ ప్రకటించిన సర్క్యూటును చూచుకొని, అన్నపు గిన్నె మూతంత చుట్టుకు రాగి తీగ చుట్టి, పది రోజులలో ఒక యంత్రము నిలబెట్టినాడు. దానితో మొదట మేకులు దొరికినవి, పిదప సోడా మూతలు, కొడవలి ముక్క ఒకటి. మూడవనాటి సాయంత్రము కరివేపాకు చెట్టు మొదట్లో గొలుసు దొరికినది.

కథ ఇక్కడ ముగిస్తే బాగానే వుండును. గాని ఈ సంగతి విని ఒక వర్తకుడు మా ఇంటికి వచ్చినాడు. "ఇటువంటివి యాభై చేసి ఇవ్వు బాబూ. పెట్టె, కంపెనీ చీటీ నేను తెచ్చి అంటిస్తాను. ఒక్కొక్కదానికి ఇంత" అని మావాడు కలలో కూడా చూడని మొత్తము చెప్పినాడు. వాడి తండ్రి లేడు. చదువుకు కట్టవలసిన ఫీజు వున్నది. వాడు మా ముఖము చూచి, "మామా, చీటీ ఒక్కటే వాళ్ళది. లోపల పని నాదే గదా? తప్పేమిటి?" అన్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకడమే ఈనాటి మా ప్రసంగము.

మొదట యంత్రము సంగతి. తీగచుట్టలో మారుతూ వుండే విద్యుత్తు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రము పుట్టును. ఆ క్షేత్రములోకి లోహము వస్తే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు లేచును. ఆ సుడులు తిరిగి చుట్టకు ఒక కబురు పంపును. ఆ కబురే మనకు వినబడే కూత. ఈ తత్త్వము ఎవరి సొత్తూ గాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును ఒకడు కాల్చినప్పుడు, టెలిఫోనుకు పేరుపడ్డ అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇటువంటి సాధనముతోనే ఒంట్లోని గుండును వెదకబోయినాడు. మంచములోని లోహపు తీగలు కూడా అడ్డుపడి ఆ ప్రయత్నము ఫలించలేదు. 1937లో గెర్హార్డ్ ఫిషర్ అమెరికాలో మెటల్ డిటెక్టరుకు పేటెంటు పొందినాడు. దానికి కాలము ఎప్పుడో తీరినది. ఈనాడు ఎవరైనా దానిని చూచి చేసుకోవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధములో యూజెఫ్ కొసాత్‌స్కీ అనే పోలెండు దేశపు సైనికాధికారి భూమిలోని మందుపాతరలను పసిగట్టే యంత్రము తయారుచేసినాడు. పేటెంటు తీసుకోకుండా దానిని బ్రిటిషు సైన్యానికి ఉచితముగా ఇచ్చివేసినాడు. 1942లో ఎల్ అలమేన్ యుద్ధములో అటువంటివి 500 వాడినారు. అవి ఒకే నమూనాకు నకళ్ళే. చేసినవాడు మనసారా ఇచ్చినవి గనుక ఆ నకళ్ళు ఎందరి ప్రాణములనో కాపాడినవి.

ఇప్పుడు దీనికి ఎదురు కథ వినండి. ఆస్ట్రేలియాలో మైన్‌ల్యాబ్ అనే పేరుతో బంగారము వెదికే డిటెక్టర్లు చేసే కోడాన్ అనే కంపెనీ వున్నది. మా పెరటి వంటి ఇనుపరాతి నేలలో మట్టి కూడా కబురు పంపును. మట్టి కబురును పక్కకు నెట్టి బంగారము కబురును మాత్రమే వినిపించడములోనే ఆ కంపెనీవారి ఏళ్ళ తరబడి శ్రమ వున్నది. 2011లో వారి ఉద్యోగి ఒకరు చైనాకు పోయి హోటలులో ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు, దొంగ ప్రోగ్రాము దానిలో జొరబడినది. యంత్రపు నమూనా పత్రములు పోయినవి. కొంతకాలానికి ఆఫ్రికాలో ఆ యంత్రములను పోలినవే చవకగా అమ్ముడుపోసాగినవి. చెడిపోయి మరమ్మతుకు వచ్చినవాటిని విప్పి చూస్తే లోపల నాసిరకపు సరుకు! పోటీకి నిలవడానికి కంపెనీ వెల తగ్గించుకోవలసి వచ్చినది. 2014 జూనుతో ముగిసిన ఏడాదిలో వారి లాభము నాలుగున్నర కోట్ల ఆస్ట్రేలియా డాలర్లనుండి 92 లక్షలకు పడిపోయినది.

కంపెనీ నష్టము పెద్దదే. ఐనను మా మనస్సు కొనుక్కొన్నవాడి వైపే పోతున్నది. ఎండలో నేల తవ్వుకొని బ్రతికేవాడు, ఉన్నది ఊడ్చి ఒక యంత్రము కొని, అది బంగారముమీద మూగపోతే ఎవరికి చెప్పుకొంటాడు? పేరు ఉన్న కంపెనీ తనది గాదంటుంది. చేసినవాడికి పేరే లేదు.

నకిలీకి పరాకాష్ఠ కూడా చూచినాము. ఇంగ్లాండులో ఒకడు గోల్ఫు బంతులు వెదుకునని అమ్మే ఆటవస్తువును పోలినదానికి బాంబులను పసిగట్టే యంత్రమని పేరు పెట్టి ఇరాకు మొదలైన దేశములకు అమ్మినాడు. అందులో పనిచేసే భాగమే లేదు. 2013లో వాడికి పదేండ్ల శిక్ష పడినది. దానిని నమ్మి వీధులలో కాపలా కాసినవారి గతి ఏమని చెప్పేది!

మరి నకలు చేయడమే పాపమా? కాదు. మన తిరువళ్ళూరే అందుకు సాక్షి. ఇక్కడి కర్మాగారములో హిందుస్థాన్ మోటార్సువారు 1998లో జపానువారి మిత్సుబిషి లాన్సర్ కార్లు తయారుచేయ మొదలుపెట్టినారు. నమూనా జపానువారిది, చేతులు మనవారివి. అనుమతి తీసుకొని, పేరు చెప్పుకొని చేసినారు. చేతులు మారిన ఆ చోటనే ఇప్పుడు ఫ్రెంచివారి సిత్రోయెన్ కార్లు తయారవుతున్నవి. ఒకరి విద్యను ఇంకొకరు నేర్వడానికి గౌరవమైన దారి ఒకటి వున్నదని చెప్పడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణము అక్కరలేదు.

తిరుత్తణిది ఇంకొక పాఠము. మా ఊరి బిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి పేరు చెబితే మేమందరమూ లేచి నిలబడతాము. ఆయన కలకత్తాలో ఆచార్యులుగా వున్నప్పుడు, 1929లో జదునాథ్ సిన్హా అనే పండితుడు ఆయనపై అక్కడి హైకోర్టులో దావా వేసినాడు. తన సిద్ధాంత వ్యాసములోని భాగములు ఆయన 'ఇండియన్ ఫిలాసఫీ' రెండవ సంపుటములో చేరినవని ఆరోపణ. ఇద్దరమూ ఒకే సంస్కృత మూలములనుండి తీసుకొన్నందున పోలిక వచ్చినదని రాధాకృష్ణన్‌గారి సమాధానము. ఆయన కూడా పరువునష్టపు దావా వేసినారు. 1933లో ఉభయులూ రాజీపడినారు. కోర్టు తీర్పు చెప్పవలసిన అవసరము రాలేదు. తీర్పరులము కావడానికి మేమెంతవారము? మేము నేర్చుకొన్నది ఒకటే. బావి అందరిదీ, కడవ ఎవరిది వారిది. ఏ నీళ్ళు ఎక్కడ తోడుకొన్నామో ముందుగానే చెప్పుకొంటే తగవుకు తావు తగ్గును.

మన చట్టము కూడా ఈ బావికీ కడవకూ నడుమ గీత గీసినది. కంపెనీ పేరునూ గుర్తునూ 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము కాపాడును. కొత్త పనితీరుకు 1970 నాటి పేటెంట్ల చట్టము కింద, దరఖాస్తు నాటినుండి 20 ఏండ్ల రక్షణ దొరకును. అదియు ఏ దేశములో తీసుకొన్న పేటెంటు ఆ దేశానికే. పైరూపమునకు 2000 నాటి డిజైన్ల చట్టము, లోపలి ప్రోగ్రాముకు 1957 నాటి కాపీరైటు చట్టము వున్నవి. ఐతే, పేటెంటు వున్న వస్తువునైనా కేవలము ప్రయోగానికీ, పరిశోధనకూ, విద్యార్థులకు బోధించడానికీ చేసుకొంటే తప్పు లేదని పేటెంట్ల చట్టమే 47వ సెక్షనులో చెప్పినది. కావున తల్లులారా, మీ పిల్లవాడు ఇంట్లో రేడియో విప్పినా, డిటెక్టరు చుట్టినా కోప్పడకండి. చూచి నేర్వడము విద్య. ఇతరుల ముద్ర వేసి అమ్మడము దొంగతనము. నకలు, నకిలీ ఒకే మూలమునుండి పుట్టిన మాటలే గాని, వాటి నడుమ ఒక మనిషి నిజాయితీ అంత దూరము వున్నది.

తెల్లవారి మావాడిని కూర్చోబెట్టుకొని, "నాయనా, నీ పని అంత మంచిదైతే నీ పేరు వేసుకోవడానికి వెనుకాడడము ఎందుకు? మంచిది కాకపోతే ఇంకొకరి పేరు వేయడము ఎందుకు?" అని అడిగినాము. వాడు చాలసేపు మాట్లాడలేదు. పిదప, "మరి చవక అని తెలిసి కొన్నది నీవే గదా మామా?" అన్నాడు. మాకు ముఖము చెల్లలేదు. వాడన్నది నిజమే. కొనేవాడుండబట్టే నకిలీ పుడుతున్నది. పైగా ఆ పనికిరాని యంత్రమును ఇంకొకరికి అంటగడదామన్న ఊహ కూడా మాకు ఒక క్షణము కలిగినది. ఆ మాట వాడి ముందు ఒప్పుకొన్నాము.

వర్తకుడిని తిప్పి పంపినాము. మావాడు సర్క్యూటు ప్రకటించిన ఆ విదేశీయుడికి ఉత్తరము వ్రాసినాడు. సొంతానికి చేసుకోవచ్చును గాని అమ్మరాదని ఆయన అందులో ముందే వ్రాసి వున్నాడు. జవాబు వచ్చినది: "మీ ఊరివారికి చేసి ఇవ్వు, నా పేరు కూడా వేయి, పెద్దయెత్తున చేయదలిస్తే మళ్ళీ అడుగు." ఇంతవరకు వాడు చేసినవి మూడే. ఫీజుకు అది చాలలేదు. తక్కినది మేము సర్దినాము. ఆ మూడింటిమీద మాత్రము రెండు పేర్లు వున్నవి: నమూనా ఇచ్చినవాడిదీ, చేతులారా చేసినవాడిదీ.

యువకులకు ఒక చిన్న హెచ్చరిక. యంత్రము మీదైనంత మాత్రాన నేలలోనిది మీది గాదు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిక్షేపము దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. పూండి దగ్గరి అత్తిరంపాక్కముకు అసలే పోకండి. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వెలికి తెచ్చిన ఆ చోట ఆదిమానవుల రాతి పనిముట్లు వున్నవి. అవి మెటల్ డిటెక్టరుకు కూయవు. గునపము దిగితే మాత్రము చెదరిపోవును.

ఈ కొత్త సంవత్సరములో మన పిల్లలు ఎన్నో చూచి నేర్వాలని, నేర్చినది ఎవరిదో చెప్పే ధైర్యము వారికి కలగాలని, వస్తువు కొనేటప్పుడు "ఇంత చవక ఎట్లా?" అని అడిగే బుద్ధి మావంటి పెద్దలకు కలగాలని కోరుకొని, ఇక పులిహోరకు అడ్డు రాకుండా సెలవు తీసుకొంటున్నాము.