మంద్ర తంతి పలకనప్పుడు



ఇంట వీణ ఉన్నవారిలో చాలమందికి ఈ అనుభవం కలిగే ఉంటుంది. పాత తంతి తెగిపోతుంది. కొత్తది తెచ్చి బిగిస్తారు. శ్రుతికి వచ్చినట్లే తోస్తుంది. మీటి చూస్తే మాత్రం నాదం ఉండదు. మ్రోగీ మ్రోగనట్లు, గొంతు పట్టిన మనిషి మాటవలె ఉంటుంది. అప్పుడు మొదట తంతిని నిందిస్తారు. తరువాత వీణను నిందిస్తారు. చివరకు ఎవరో ఒకరు ఆకురాయి తెచ్చి గుర్రం మీది రేకును అరగదీస్తారు. అసలు నష్టం జరిగేది అక్కడ. తంతి రేపు మరొకటి దొరుకుతుంది. అరిగిపోయిన లోహం తిరిగి రాదు.

నేటి నా మనవి ఒక్కటే. కొత్త తంతి పలకనప్పుడు ముందుగా అనుమానించవలసినది తంతిని కాదు, అది కూర్చున్న చోటును.

కొన్నేండ్ల క్రిందట చిలకలూరిపేట ప్రాంతంలో ఒక బంధువుల ఇంటికి వెళ్ళాను. చేలలో ప్రత్తి కాయలు పగులుతున్న రోజులు. దసరా పూజకు వీణను దించి, ఆ ఇంటి అమ్మాయి మంద్ర తంతిని మార్చింది. “బాబాయి గారూ, దుకాణంలో నాసిరకం అంటగట్టారు. గుర్రం కొంచెం అరగదీస్తే పలుకుతుందేమో” అన్నది. లోపలినుంచి నాయనమ్మ గారు వచ్చి, “ఇది మా నాన్నగారు నాకు సారెగా పెట్టిన వీణ. నేనుండగా దాని మీద ఆకురాయి పడటానికి వీల్లేదు” అన్నారు. ఆమె మాట వల్లనే ఆ వీణ దక్కింది.

సంగతి ఏమిటో చెప్పేముందు తంతి నడిచే దారిని ఒకసారి తలచుకుందాం. వీణకు మెట్ల మీద నడిచే తంతులు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. ప్రక్కన తాళానికి మూడు. మెట్లు ఇరవై నాలుగు. ప్రతి తంతీ కుండ చివరనున్న లంగరు దగ్గర బయలుదేరి, గుర్రం మీది రేకునెక్కి, దండి పొడవునా సాగి, మేరువు గాడిలో దిగి, బిరడకు చుట్టుకుంటుంది. ఇందులో మ్రోగే భాగం గుర్రానికి, మేరువుకు నడుమ ఉన్నది మాత్రమే. ఆ రెండు చోట్లా తంతి గట్టిగా, నిస్సందేహంగా ఆనాలి. ఎక్కడ ఆనిందో తంతికే తెలియకపోతే స్వరం ఎక్కడ మొదలు కావాలి?

సన్నని సారణి సులువుగా వంగుతుంది. ఆనవలసిన చోట దానంతట అదే ఆనుతుంది. మంద్ర, అనుమంద్రాలు లావైనవి. ఇత్తడి తీగ అయినా, ఉక్కు తీగపై సన్నని తీగ చుట్టిన చుట్టు తీగ అయినా, వాటికి బిరుసుతనం ఎక్కువ. గుర్రం దగ్గర మడత పడకుండా విల్లువలె లేచి నిలుస్తాయి. చిక్కులన్నీ అక్కడ పుడతాయి.

దోషం ఎక్కడిదో చెవితోనే పోల్చుకోవచ్చును. తంతిని ఊరక మీటితే గరగరలాడి, మెట్టు మీద నొక్కితే బాగుంటే, దోషం మేరువు దగ్గర ఉన్నది. ఒక్క మెట్టు దగ్గరనే గరగరలాడితే ఆ మెట్టునో, దాని క్రింది మైనాన్నో చూడాలి. అన్ని చోట్లా మూగగా ఉంటే గుర్రం దగ్గర చూడాలి. ఇక మరొక పరీక్ష. తంతి నడిమికి తేలికగా వ్రేలు తాకించి మీటితే పై షడ్జం వలె ఒక సన్నని నాదం వస్తుంది. పన్నెండవ మెట్టుపై నొక్కి మీటిన స్వరం దానితో కలవాలి. పాత తంతికి కలిసి, కొత్త తంతికి కలవకపోతే మెట్లను కదిలించకండి. మెట్లు నిన్నటి చోటనే ఉన్నాయి. మారినది తంతి ఒక్కటే.

ఆ ఇంట జరిగినది ఇదే. పాతది సన్నని ఇత్తడి తీగ. కొత్తది లావైన చుట్టు తీగ. మేరువులోని గాడి పాత తీగకు సరిపడా ఉన్నది. కొత్తది అందులో దిగలేక అంచుల మీద నిలిచింది. లంగరు దగ్గర ముడికి వేసిన మెలిక కూడ గుర్రం రేకు మీదికి వచ్చింది. రేకు మీద నూనెతో కలిసిన దుమ్ము ఒక పొరగా పేరుకొన్నది. వ్రేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని వాయించే ఇళ్ళలో, మిరపకాయ కళ్ళాల దుమ్ము రేగే మన మెట్టసీమలో, ఇది సహజమే. పాత తంతి ముక్కను పారవేయలేదు గనుక అదే లావు గల తీగ తెప్పించాము. రేకును పొడి నూలు గుడ్డతో తుడిచాము. వీణ పలికింది. ఆకురాయితో పని పడలేదు.

ఇక చేయవలసిన వరుస. తంతులన్నీ ఒక్కసారి విప్పకండి. తంతుల ఒత్తిడితో నిలిచే గుర్రమైతే కదిలిపోతుంది. ఒకటి మార్చిన తరువాతనే మరొకటి. లంగరు దగ్గరి మెలిక గుర్రానికి ఇవతలనే ముగియాలి. చుట్టు తీగ అయితే మిగులును ముందు మడిచి, ఆ తరువాతనే కత్తిరించండి. లేకుంటే పై చుట్టు వదులై నాదం చచ్చిపోతుంది. బిరడ మీద చుట్లు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా ప్రక్కప్రక్కన పడాలి. బిరడ జారితే సుద్దపొడి వేయండి. నూనె మాత్రం వేయవద్దు. శ్రుతికి కొంచెం దిగువన ఆపి, గుర్రానికి వెనుక లంగరు వైపున, మేరువుకు అవతల బిరడ వైపున, బొటనవ్రేలితో మెల్లగా క్రిందికి ఒత్తండి. మ్రోగే భాగాన్ని ఒత్తి వంచకండి. తరువాత శ్రుతి చేయండి. కొత్త తంతి కొన్నాళ్ళు సాగుతూనే ఉంటుంది. ఓపికతో మళ్ళీ మళ్ళీ సరిచేయాలి.

ఇది మన వీణకే పరిమితమైన విషయం కాదు. నేడు పెండ్లి వాద్యబృందాలలోను, చర్చి గానబృందాలలోను వినవచ్చే బేస్ గిటారుకూ ఇదే చిక్కు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ఆ వాద్యాన్ని విపణికి తెచ్చాడు. దాని అడుగు తంతి సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత లావు తంతి కూడ ఆనే చోట విల్లువలె లేస్తుంది. అక్కడివారూ బొటనవ్రేలితోనే ఒత్తి కూర్చోబెడతారు. తంబురాకు మన పెద్దలు గుర్రం మీద తంతి క్రింద ఒక నూలుపోగు పెట్టి, దానిని జీవ అన్నారు. పోగు వెంట్రుకవాసి జరిగితే నాదం విచ్చుకుంటుంది, లేదా ముడుచుకుంటుంది. మన చేలలో పండే ప్రత్తినుంచి తీసిన ఒక్క పోగుకు అంత పని ఉన్నది.

ఈమని శంకరశాస్త్రి గారి వీణను, వారి శిష్యులు చిట్టిబాబు గారి వీణను రేడియోలో విన్నవారికి మంద్రస్థాయి గాంభీర్యం ఎటువంటిదో తెలుసు. ఆ విద్య అందరికీ రాదు. కాని మన ఇంటి వీణ దాని గొంతుతో అది పలికేటట్లు చూసుకోవడం అందరికీ సాధ్యమే. మీ ఇంట ఏ మూలనో మూగగా ఉన్న వీణ ఉంటే, పాడైపోయిందని తీర్మానించేముందు ఒక పొడిగుడ్డ తీసుకుని, వెలుతురులో కూర్చుని, తంతి ఎక్కడ ఆనుతున్నదో చూడండి.

సెలవు.