నూజివీటి తోటలు - పల్లె యువకులు

నూజివీడు పేరు వినగానే చిన్నరసాల తీపి మనకు గుర్తు వస్తుంది. ఆ పండు పండే నేల ఎవరిది, ఆ నేలమీద పుట్టిన యువకుడు ఎక్కడికి పోతున్నాడు అనే ప్రశ్న మాత్రం తోచదు. నేడు దానిని గురించి కొంత ఆలోచిద్దాము.

వరి వేసిన రైతుకు ఆరు నెలలలోపల ఫలితం చేతికి అందుతుంది. మామిడి అంటు నాటిన తరువాత కాపు పట్టడానికి నాలుగైదేండ్లు కావాలి. నిండు కాపునకు ఇంకను ఆలస్యం. కనుక మామిడి నాటడానికి డబ్బు ఒక్కటే చాలదు. పదేండ్ల తరువాత కూడ ఈ నేల నా చేతిలోనే ఉంటుందనే ధైర్యం కావాలి. ఆ ధైర్యం పట్టాదారునకే ఉన్నది.

ఇది ఒకప్పుడు జమీందారీ సీమ. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయి రైతువారీ పద్ధతి వచ్చినది. 1973లో భూపరిమితి చట్టం వచ్చినది. ఐనా దున్నేవారందరికీ నేల దక్కలేదు. దక్కిన ఇండ్లలో సయితం పంపకాలతో చెక్కలు చిన్నవైనవి. పైగా పట్టా తండ్రి పేరనే ఉన్నంతకాలం, ముప్పయ్యేండ్ల కొడుకు తోటలో ఎంత పాటుపడినా, అప్పు పుట్టించుకొనగల రైతు కాలేడు.

ఇక కౌలు మాట. 2019లో మన రాష్ట్రంలో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఒడంబడికకు 11 నెలల గడువు పెట్టినది. మినుముకూ వరికీ అది సరిపోతుంది. నాలుగైదేండ్లకు గాని కాయని చెట్టుకు 11 నెలల హక్కు ఏమి ఆసరా? అందువలన భూమిలేని యువకుడు తోటలో కాపలాదారుగానో, కోత కూలీగానో మిగులుతున్నాడు. వేసవిలో కోత, కాయల ఏరివేత, లారీల ఎగుమతి ఉన్నన్నాళ్ళు పని. తక్కిన కాలమంతా విజయవాడకో హైదరాబాదుకో ప్రయాణం.

భూమిగల ఇంటి పిల్లలూ నిలవడం లేదు. తోట రాబడితో చదువుకొని నగరాలకు పోతున్నారు. వారి తోటలు పూత దశలోనే వ్యాపారులకు గుత్తగా పోతున్నవి. ఒకటి రెండు కాపులకు కొన్నవాడు కొమ్మ కత్తిరింపుకూ, పశువుల ఎరువుకూ ఎందుకు ఖర్చు పెడతాడు? చెట్టును కనిపెట్టుకొని ఉండేవాడు లేక తోట నీరసిస్తుంది. చేయదలచినవానికి తోట లేదు. తోట ఉన్నవానికి చేసే తీరిక లేదు.

వలస దోషమని మేము అనడం లేదు. కోరి వెళ్ళడం వేరు, గతిలేక వెళ్ళడం వేరు. కౌలుదారు పాతుకొనిపోతాడేమో అని యజమాని భయం. రేపు పొమ్మంటారేమో అని కౌలుదారు భయం. యజమాని హక్కు చెక్కుచెదరకుండా, పది పదిహేనేండ్ల గడువుతో, వ్రాతమూలకంగా తోట కౌలు కుదిరితే ఈ రెండు భయాలూ తగ్గుతవి. గడువు ముగిసినపుడు, కౌలుదారు పెంచిన చెట్ల విలువను లెక్కకట్టి అతనికి ముట్టజెప్పే ఏర్పాటు కూడ ఉండాలి. అపుడు ఊరిలో ఉండదలచిన యువకునకు ఉండడానికి ఒక దారి ఏర్పడుతుంది. నాటిన చేతికి కాపు చూసే వరకు నేల దక్కితేనే నూజివీటి తోటలు మరొక తరానికి నిలుస్తవి.