పేరు చూసి కాదు, నీరు చూసి గడ్డి వేద్దాం
(పశుగ్రాసంపై రైతు సంఘం సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించి మనం చాలాసార్లు పోరాడాం. ఈ రోజు పాల ఖర్చు గురించి మాట్లాడుకుందాం. ఆ ఖర్చులో సగానికి పైగా మేతదే.

ఎకరాకు వంద టన్నులకు మించి వస్తుందంటూ సూపర్ నేపియర్ కణుపులు అమ్ముతున్నారు. ఆ గడ్డి చెడ్డదని నేననడం లేదు. కానీ పచ్చి నేపియర్ బరువులో సుమారు అయిదింట నాలుగు వంతులు నీరే. ఆ నీరు మన బోరు నుంచే రావాలి. వేసవిలో వారం పది రోజులకో తడి ఇవ్వలేని రైతుకు ఆ టన్నులు కాగితం మీదే మిగులుతాయి. రెండడుగుల ఎడంతో నాటితే ఎకరాకు పది వేలకు పైగా ముక్కలు కావాలి. ముక్క రూపాయి పడినా పది వేల పైమాటే.

కాబట్టి ముందు మన నేల, మన నీరు చూసుకోవాలి.

ఏడాది పొడవునా నీరుంటే సంకర నేపియర్ వేయండి. ఏపీబీఎన్-1, కో-4 వంటివి విశ్వవిద్యాలయాలు ఇచ్చిన రకాలే. మురుగు నిలిచే నేలల్లో నేపియర్ వేరు కుళ్ళుతుంది. అక్కడ పారా గడ్డి మేలు. డెల్టాలో వరి కోతల తర్వాత పిల్లిపెసర, జనుము వేసే అలవాటును వదులుకోవద్దు. కొబ్బరి, మామిడి తోటల నీడలో గినీ గడ్డి వస్తుంది.

అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అలాంటి చోట, తెలంగాణ ఎర్ర చెలకల్లో, అంజన గడ్డిని స్టైలోతో కలిపి తొలకరికి చల్లండి. మొదటి ఏడు పశువులను తోలకుండా కాపాడితే, తర్వాత ఏళ్ళ తరబడి మేత ఇస్తుంది. స్టైలో పప్పుజాతి మొక్క కనుక మాంసకృత్తులూ అందుతాయి.

ఆదిలాబాద్, అరకు చలికి నేపియర్ ఎదుగుదల మందగిస్తుంది. నీటి వసతి ఉంటే శీతాకాలానికి లూసర్న్ వేసుకోవాలి.

వర్షాధారపు జొన్న వేసినవారు ఒకటి గుర్తుంచుకోండి. బెట్టకు వచ్చిన లేత జొన్నలో నాము ఉంటుంది. పూతకు రాకుండా మేపితే పశువు ప్రాణం పోతుంది. వానాకాలంలో మిగిలిన మేతను పాతర వేస్తే వేసవికి ఆదుకుంటుంది.

సంకర నేపియర్‌కు మొలిచే గింజ రాదు, కణుపుతోనే వ్యాపిస్తుంది. అంటే ఒక రైతు పొలంలో నిలదొక్కుకుంటే ఊరంతటికీ పంచవచ్చు. కొనడం కన్నా పంచుకోవడం మన సంఘం పని కావాలి.

అయితే సెంటు భూమి లేని గొర్రెల కాపరి, పాడి మహిళ గడ్డి ఎక్కడ వేయాలి? వారికి ఊరి మేత పోరంబోకే దిక్కు. అవి ఆక్రమణల పాలవుతున్నాయి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి తిరిగి గ్రామానికి అప్పగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. ఆ తీర్పును అమలు చేయమనే మనం అడుగుతున్నాం. ఆ బీళ్ళలో అంజన, స్టైలో విత్తనం ప్రభుత్వమే చల్లించాలి. ప్రతి మండలంలో కణుపుల నారుమడి పెట్టాలి.

మిత్రులారా, ఊరికి వెళ్ళగానే మీ మేత పోరంబోకు సర్వే నెంబర్లు, విస్తీర్ణం, అందులో ఇప్పుడు మిగిలినదెంతో రాసుకోండి. తొలకరికి ముందే ఆ జాబితాలు పట్టుకుని అందరం కలిసి తహసీల్దారు కార్యాలయాలకు వెళదాం.