హైదరాబాద్ నుంచి దుబాయ్: పోతే రెండున్నర గంటలు, వస్తే ఐదు గంటలా?

టికెట్ యాప్‌లో చూడండి. హైదరాబాద్‌లో పొద్దున 10కి ఎక్కితే దుబాయ్‌లో 12:30 ప్రాంతంలో దిగుతాం. అక్కడ 10కి ఎక్కితే ఇక్కడ దిగేసరికి మధ్యాహ్నం 3. దారి అదే, విమానం అదే. మరి ఈ తేడా ఏంటి?

టికెట్ మీద ఉండేది ఏ ఊరికి ఆ ఊరి టైం. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అది సరిచేస్తే పోవడానికి దాదాపు నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. మిగిలిన అరగంట తేడా గాలిది. పైన, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకి గట్టిగా గాలి వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి.

ఇదంతా నాకు ముందే తెలుసు అనుకోకండి. మా ఊరు కరీంనగర్ దగ్గర. బాపు దుబాయ్‌లో పనిచేసేవాడు. నేను బీటెక్ చదువుతున్నప్పుడు ఒక డిసెంబర్‌లో నాయనమ్మకి సీరియస్ అయింది. బాపు ఫోన్ చేసి "రాత్రి పదింటికి ఫ్లైట్" అన్నాడు. నాయనమ్మ నన్నడిగింది, "కొడుకు ఎప్పుడొస్తడు రా?"

నేను లెక్క తీశా. ఆకాశంలో దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకి 850. అంటే మూడు గంటలు. ఒంటిగంటకి శంషాబాద్‌లో దిగుతాడు, కారులో నాలుగు గంటలు. "పొద్దున ఐదింటికి నీ ముందుంటడు" అని చెప్పేశా.

ఆ పది అక్కడి పది, మనకి పదకొండున్నర. అక్కడే గంటన్నర పోయింది. ఇక 850 స్పీడ్ పైకెక్కాకే. గేటు నుంచి కదిలి రన్‌వే దాకా పాకుతూ పోవాలి, 35,000 అడుగులు ఎక్కాలి, చివర్లో మళ్లీ మెల్లగా దిగాలి. పైగా విమానం మ్యాప్‌లో స్కేలు పెట్టి గీసినట్టు పోదు, దానికీ ఆకాశంలో రూట్లు ఉంటాయి. టికెట్‌లో రాసే టైం గేటు నుంచి గేటుకి. అలా ఇంకో అరగంట. ఆ తర్వాత ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ బెల్టు, ఇంకో గంట. మొత్తం మూడు గంటలు తప్పాను.

నాయనమ్మ ఐదింటికే లేపి కూర్చోబెట్టమంది. పడుకో అంటే వినలేదు. తలుపు వైపే చూస్తూ ఉంది. ఏడింటికి "రాడేమో" అంది. నాకేం చెప్పాలో అర్థం కాలేదు, ఫ్లైట్ లేట్ అని అబద్ధం చెప్పా. ఫ్లైట్ టైంకే వచ్చింది.

బాపు ఎనిమిదింటికి వచ్చాడు. "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. ఆ సాయంత్రమే పోయింది.

ఇప్పుడు ఎవరైనా "ఎన్నింటికి దిగుతున్నా" అని చెప్తే, ఫస్ట్ నేనడిగేది: ఏ ఊరి టైం? ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు దిగే టైం కాదు, గడపలోకి వచ్చే టైం చెప్తా, అదీ ఒక గంట కలిపి. మీవాళ్లు ఏ రూట్‌లో వస్తారో కింద కామెంట్‌లో రాయండి, లెక్క వేసి చెప్తా.