ఊరి బాట – ఊరి లెక్క



నేటి నా ప్రసంగము ఊరి బాటలను గూర్చినది. వాని మరమ్మతునకు వ్యయమగు ధనమును గూర్చియు, ఆ ధనపు లెక్కను ఊరివారు వినవలసిన తీరును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. విషయము చిన్నదిగా తోపవచ్చును. కాని మనము తొలిసారి తల్లి చంకనెక్కి పోవునదియు, తుదిసారి నలువురి భుజములపై పోవునదియు ఆ బాట మీదనే గదా!

ఆంగ్లేయులు 'బడ్జెట్' అను మాటను ఫ్రెంచివారి యొద్ద తెచ్చుకొనిరి. ఆ భాషలో దానికి చిన్న తోలుసంచి యని యర్థము. మనవారు దానిని ఆయవ్యయ పట్టిక యనిరి. రెండు మాటలును నాకు నచ్చినవే. సంచి యన్నచో దాని మూతి ఎవరి చేతిలో నున్నదని యడుగవలెను. పట్టిక యన్నచో దానిని ఎవరికి చదివి వినిపించుచున్నారని యడుగవలెను.

బాట విషయమున మన పూర్వులు ఉదాసీనులు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రము బాటలకు కొలతలు విధించినది. రథము పోవు బాటకు 5 మూరలు, పశువుల బాటకు 4 మూరలు, మేకలు మొదలగు చిన్న జంతువులును మనుష్యులును నడచు కాలిబాటకు 2 మూరలు. కాలిబాట నడ్డగించినవానికి 12 పణములు, పెద్ద పశువుల బాట నడ్డగించినవానికి 24 పణములు దండుగ. ఆ గ్రంథమే రాజోద్యోగులు ధనమును హరించు ఉపాయములు 40 అని లెక్కించినది. కొలత లేని బాటయు, లెక్క లేని ధనమును ఒకే తీరున కరగిపోవునని ఆ గ్రంథకర్త యెరుగును.

తమిళదేశమున కాంచీపురము జిల్లాలో ఉత్తరమేరూరను గ్రామము కలదు. అచటి దేవాలయపు గోడలపై మొదటి పరాంతక చోళుని నాటి శాసనములు, క్రీ.శ. 919, 921 సంవత్సరములవి, నేటికిని కలవు. ఊరిని 30 భాగములు చేసి, అర్హుల పేర్లు ఆకులపై వ్రాసి కుండలో వేసి, చిన్న బాలునిచే తీయించి, చెరువునకు ఒక సంఘమును, తోటలకు ఒక సంఘమును ఏర్పరచెడివారు. ఒకసారి సంఘమున నుండి లెక్క యొప్పగింపనివాడు మరల సంఘమునకు తగడు. వాని దగ్గరి బంధువులును తగరు. ఎంత కఠినమైన నియమమో చూడుడు! అయినను ఆనాడు భూమియు విద్యయు గలవారికే అచట స్థానము. నేడట్లు కాదు. 1993 ఏప్రిలు 24వ తేదీన అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వలన, ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును గ్రామసభలో సభ్యులే. కూలికి పోవు అవ్వకును, అరువది యెకరముల ఆసామికిని అచట ఒకే పీట.

హక్కు కలిగినంతమాత్రమున పని జరుగునా? అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. ఇచట నేనెరిగిన యొక విషయము చెప్పెదను.

నేను తెలుగు పండితుడనైనను, లెక్కల అయ్యవారు రాని దినములలో లెక్కలును చెప్పినవాడను. ఉద్యోగము విరమించి ఊర నున్న కాలమున, మా చివరి పేట నుండి పెద్దరోడ్డునకు పోవు పుంత మిక్కిలి పాడైనది. ఒక శ్రావణమున ప్రసవవేదన పడుచున్న యిల్లాలి కొరకు 108 బండి వచ్చినది గాని బురదలో ముందునకు రాలేక పెద్దరోడ్డు మీదనే నిలిచిపోయినది. నలుగురు ఆమెను నులకమంచముపై పండబెట్టి మోకాలిలోతు బురదలో మోసికొనిపోయిరి. తల్లియు బిడ్డయు దక్కిరి. అది దైవానుగ్రహమే గాని మా బాట చలువ కాదు.

తరువాతి వేసవిలో ఆ పుంతకు కంకర పరపించితిమని గ్రామసభలో చదివిరి. పొడవు 1600 అడుగులు, వెడల్పు 10 అడుగులు, మందము అరయడుగు. అందరును తలలూపిరి. వెనుక నిలిచియున్న గొర్రెలకాపరి యొకడు, "పంతులుగారూ, నా గొర్రెలు రోజూ ఆ పుంతలోనే పోతాయండి. అంత కంకర పడితే వాటి కాళ్లకి తెలీదా అండి?" అనెను. సభ నవ్వెను. నాకు నవ్వు రాలేదు. మూడవ తరగతి బాలుడు చేయదగిన లెక్క యది. 1600ను 10తో హెచ్చించి సగము చేసిన 8000 ఘనపుటడుగులు. ఒక ట్రాక్టరు తొట్టికి నూరు ఘనపుటడుగులు పట్టుననుకొన్నచో 80 తొట్లు. దిమ్మిస చేసిన కంకర అణగును గనుక తోలవలసినది మరికొంత యెక్కువయే. మరునాడు పదిమందిమి గునపముతోను, పిల్లల కొలబద్దతోను పోయి ఐదు తావుల త్రవ్వి చూచితిమి. ఎచటను నాలుగు అంగుళములు మించలేదు. ఆరు అంగుళములకు మారుగా నాలుగే యున్నచో 80 తొట్లలో సుమారు 27 తొట్లు ఆ బాటకు చేరలేదన్నమాట.

ఎవరి తప్పు, ఎవరి పేరు అనునది ఇచట అప్రస్తుతము. మేము ఎవరిని నిందింపలేదు. ఐదు తావుల కొలతలను తెల్లకాగితముపై వ్రాసి, పదిమందిమి చేవ్రాళ్లు చేసి, కొలతల పుస్తకము చూపుడని కోరితిమి. తొలకరికి ముందే మిగిలిన కంకర పడినది. ఆ యేట 108 బండి పేట నడుమ వరకు వచ్చినది.

ఈ మార్గము మేము కనిపెట్టినది కాదు. రాజస్థానములో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను కూలీల రైతుల సంఘమువారు 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో సభ చేసి, పనుల పట్టీలను బిగ్గరగా చదివించిరి. చదువురాని కూలీలే, ఫలానావాడు ఆ పనికి రానేలేదని, ఫలానా కట్టడము ముగియనే లేదని సాక్ష్యము పలికిరి. అట్టి ఉద్యమముల ఫలముగా 2005లో సమాచారహక్కు చట్టము వచ్చినది. దాని ప్రకారము మనము కాగితముల నకళ్లనే గాక, జరుగుచున్న పనిని స్వయముగా చూచుటకును, వాడిన సరకు నమూనా తీసికొనుటకును హక్కుగలవారము. ఉత్తరము సాధారణముగా 30 దినములలో రావలెను. ఆంధ్రప్రదేశమున 2005 నాటి నియమములలో గ్రామస్థాయి కార్యాలయమున దరఖాస్తునకు రుసుము లేకుండ చేసిరి. అదే 2005 నాటి ఉపాధిహామీ చట్టము పనుల లెక్కలను గ్రామసభయే తనిఖీ చేయవలెనని విధించినది. 2006 నుండి మన తెలుగునేలపై ఆ సామాజిక తనిఖీలు జరిగినవి. ఊరి యువకులే ఇల్లిల్లు తిరిగి విచారించి, సభలో నిలిచి చదివిరి. 2020 ఏప్రిలు 24న ఆరంభింపబడిన ఈ-గ్రామస్వరాజ్ అను అంతర్జాల స్థానమున పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను ఉంచుచున్నారు. మీ మనుమడు తన చేతిఫోనులో దానిని తెరచి చదువగలడు. మీరు విని, బాట మీదికి పోయి చూడగలరు. ఇరువురును కలిసిననే తనిఖీ పూర్తియగును.

ఇక మరమ్మతు మాట. క్రొత్తబాట వేసినచో శిలాఫలకము, పూలమాల, ఛాయాచిత్రము. పాతబాట ప్రక్కకాలువలో పూడు తీసినచో ఫలకమెవరు వేయుదురు? అందుచేతనే పట్టికలో క్రొత్తపనులకు చోటు దొరకును, మరమ్మతునకు దొరకదు. కాని బాటకు పరమశత్రువు బండి కాదు, నీరు. వానకు ముందు తూములు తెరచి, కాలువల పూడు తీసి, గుంటలు పూడ్చినచో అయిదువందల రూపాయల కూలితో పోవునది, ఆ పని చేయకున్న లక్షలకు పెరుగును. మరియొక సంగతి. 15వ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వరకు పంచాయతీల కిచ్చిన నిధులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని, పారిశుధ్యమునకును కేటాయించి, మిగిలిన 40 పాళ్లు మాత్రమే ఊరి యితరావసరములకు విడిచినది. అట్టి కొలది సొమ్ము ఏ బాటకు పోవలెనో ఊరివారు ముందుగా చెప్పనిచో, ఎవరి గొంతు పెద్దదో వారి వాకిటి రోడ్డునకే పోవును.

మరి బాటను చెరచువారు కార్యాలయములలోనే యున్నారా? పెద్దలైన మీకు మనవి చేయుచున్నాను, కోపగింపకుడు. ఏటేట దున్నునప్పుడు గట్టు నొక చాలు లోనికి కలుపుకొనుచు, ఇరువది యడుగుల డొంకను ఎనిమిది యడుగులు చేసినది మన నాగళ్లే. క్షేత్రపటమున డొంక వెడల్పు వ్రాసియే యున్నది. పంచాయతీని లెక్క యడుగబోవువాడు మొదట తన గట్టును వెనుకకు జరుపుకొనవలెను. అప్పుడు వాని మాటకు సభలో బరువుండును.

పట్టణములలోను ఈ విధానము లేకపోలేదు. బ్రెజిల్ దేశమున పోర్టో అలెగ్రీ నగరమువారు 1989 మొదలు పేటపేటకు సభలు చేసి, ఏ వీధికి ఏ పని కావలెనో ప్రజలచేతనే వరుస కట్టించిరి. మన పూనా నగరమున 2006 నుండి తమ పేటకు కావలసిన పనులను సూచింపుడని పౌరులను కోరిరి. మీ కుమారులు పట్టణవాసులైనచో వారికిని ఈ సంగతి తెలుపుడు. అయితే నగరవాసి పొరుగువాని పేరెరుగడు. మనము పుంతలోని ప్రతి గుంటయు ఎరుగుదుము. తనిఖీకి మనకంటె తగినవారు లేరు.

"లెక్క యడిగినచో పగలు పెరుగును గదా" యని కొందరందురు. లెక్క యడుగుట నింద కాదు. పరీక్షాధికారి పాఠశాలకు వచ్చి హాజరుపట్టీ చూచినప్పుడు మేము అవమానమని తలచితిమా? సక్రమముగా వ్రాసినవానికి ఆ చూపు రక్ష. నిజాయితీ గల సర్పంచునకును అంతే. చాటున చెప్పుకొను నూరు నిందలను, సభలో చదివిన ఒక లెక్క తుడిచివేయును. రచ్చబండ మీద గుసగుసలాడుటయే పగలు పెంచును.

కావున నా ప్రార్థన మూడు మాటలు. ఆయవ్యయ పట్టిక కట్టుటకు ముందు ఒక దినము ఊరి బాటలన్నియు నడచి చూడుడు. నీళ్లు మోయు స్త్రీలను, పశువులకాపరిని, బడికి పోవు బాలికను వెంట బెట్టుకొనుడు. వారు చూపిన వరుసలో జాబితా వ్రాసి గ్రామసభలో చదివించి, తీర్మానపుస్తకమున ఎక్కించుడు. పని ముగిసిన పిదప మంజూరైనదెంత, ఖర్చయినదెంత, మిగిలినదెంత, పొడవు వెడల్పు మందము లెంత యని పంచాయతీ గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించి, కొలబద్ద తీసికొని మరల నడువుడు.

రాబోవు తొలకరికి ముందు ఈ పని యొక్క ఊరిలోనైనను జరిగినచో నా ప్రసంగము సఫలము.

సెలవు.