చట్టం ఢిల్లీది, తలుపు తీసేది రాష్ట్రం



“డాక్టరమ్మా, అబార్షన్ చట్టం కేంద్రానిది గదా, అసెంబ్లీ ఎన్నికలతో దానికేం పని?” చదువుకున్నవాళ్లే ఇలా అడుగుతుంటే నాకు ఓపిక చాలడం లేదు. చట్టం కేంద్రానిదే. 1971లో వచ్చింది, 2021లో మార్చారు. కానీ ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉంది. మన వరంగల్ సీకేఎం ఆసుపత్రికి డాక్టర్లను పంపేది, ఏజెన్సీ దవాఖానలో మందులుండేలా చూసేది, 24 వారాలు దాటిన కేసులకు మెడికల్ బోర్డు వేసేది మనం ఓటేసి గెలిపించిన రాష్ట్ర ప్రభుత్వమే.

పంచాయతీ ఎన్నికలైతే నేరుగా ఆడదాని కడుపు మీదికే వచ్చాయి. ఈ సంగతి పూర్తిగా చెప్పనివ్వండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం మహిళలకు మూడో వంతు సీట్లిచ్చింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులని కూడా అదే చట్టం అన్నది. సర్పంచి సీటు మహిళకు వచ్చే నాటికి ఆమెది కాన్పుల వయసు. మూడో నెల కడుపుతో ఆమె మౌనంగా కూర్చుంటే, “తీసేయండి మేడం, నామినేషన్ వేయాలె” అని పక్కన మగవాళ్లు చెప్పడం నేను విన్నాను. ఐఏఎస్‌గా పనిచేసిన నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధనపై అధ్యయనం చేశారు. బలవంతపు అబార్షన్లు, భార్యలను వదిలేయడం, బిడ్డను దత్తతకిచ్చేయడం, అన్నీ ఆమెకు కనిపించాయి. ఆ నిబంధనను ఆంధ్ర శాసనసభ 2024 నవంబరులో తీసేసింది. 2025 అక్టోబరులో మన తెలంగాణ మంత్రివర్గమూ ఎత్తేయాలని నిర్ణయించింది. అప్పుడు కనొద్దన్నారు, ఇప్పుడు కొందరు నాయకులు ఎక్కువ మందిని కనమంటున్నారు. ఆమెను అడిగిందెవరు?

టైమవుతోందని సభ అధ్యక్షులవారు చూస్తున్నారు, మిగతావి గబగబా చెప్తా. అబార్షన్‌కు భర్త సంతకం కావాలా? అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషికి తన సంతకమే చాలు. ఆమె సమ్మతి లేకుండా కడుపు తీయిస్తే యావజ్జీవం దాకా శిక్ష. పెళ్లి కానివాళ్లకూ హక్కుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. స్కానింగ్ సెంటర్‌లో ‘లింగ నిర్ధారణ నేరం’ అన్న బోర్డు చూసి అబార్షనే నేరమనుకోకండి. నేరం ఆడా మగా చెప్పించుకోవడం. ఇక ఆసుపత్రికి చేరడం సంగతి: 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. ములుగు నుంచి ఇక్కడి ఆసుపత్రికి రావడానికి ఆడమనిషి ఇప్పుడు ఛార్జీలకు ఎవరినీ అడగనక్కర్లేదు. అదీ ఎన్నికల ఫలితమే.

రేపు మీ గడపకు ఓటడగడానికి ఎవరొచ్చినా ఒక్కటే అడగండి: మన మండలానికి దగ్గర్లో అబార్షన్ చేసే సర్కారు డాక్టరు ఎక్కడున్నారు, ఏ రోజుల్లో ఉంటారు? జవాబు చెప్పలేని అభ్యర్థిని తెలుసుకొని మళ్లీ రమ్మనండి.