మైలేజీ ఎంత?



మన ఇళ్లలో కొత్త బండి కొనగానే అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?" పిల్లల చదువు పూర్తవగానే అడిగేది "ప్యాకేజీ ఎంత?" మొదటి ప్రశ్నను ఈ వేళ ఒక రాకెట్టును అడిగి చూద్దాం. రెండో దానికి జవాబు అందులోనే దొరకొచ్చు.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 రాకెట్టు చంద్రయాన్-3ను మోసుకుని లేచింది. మొత్తం బరువు దాదాపు 640 టన్నులు. అందులో ఇంధనం, దాన్ని మండించే ఆక్సీకారిణి కలిపి సుమారు 550 టన్నులు. చంద్రుడి వైపు వెళ్లాల్సిన నౌక నాలుగు టన్నులకు కాస్త తక్కువ. నూరు కిలోల మూటలో అసలు సరుకు అరకిలో పైచిలుకు! ఏ షావుకారూ ఒప్పుకోని బేరం.

నేల వదిలే క్షణంలో లెక్క మరీ దారుణం. రాకెట్టు ఇంకా కదలనే లేదు గనక గతిశక్తి దాదాపు మొత్తం కిందికి ఎగజిమ్మే వాయువులే పట్టుకుపోతాయి. వేగం పెరిగే కొద్దీ రాకెట్టు వాటా పెరుగుతుంది. దాని వేగం వాయువు వెలువడే వేగంతో సమానమైనప్పుడు, వదిలిన వాయువు నేలమీది నుంచి చూస్తే ఉన్నచోటే ఆగిపోయినట్టు ఉంటుంది. అంటే తన గతిశక్తినంతా రాకెట్టుకే ఇచ్చేసిందన్నమాట.

రాకెట్టు మైలేజీని సెకన్లలో చెబుతారు. ఇంధనం, ఆక్సీకారిణి కలిపి ఒక కిలో మండితే, కిలో బరువును నిలబెట్టేంత తోపును ఎన్ని సెకన్లపాటు ఇవ్వగలదన్నదే ఆ కొలత. ఎల్‌వీఎం-3 పక్కలనుండే ఘన ఇంధన మోటార్లకు అది సుమారు 274. నడిమి దశలోని వికాస్ ఇంజిన్లకు 293. పై దశలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే క్రయోజెనిక్ ఇంజిన్‌కు 443 దాకా.

మరి అంత పొదుపరిని పైన కూర్చోబెట్టి, దుబారా మనిషిని కింద పెట్టడమేమిటి? ఎందుకంటే ఆ పొదుపరి తోపు 20 టన్నులే. 640 టన్నుల రాకెట్టును అది వెంట్రుకవాసి కూడా లేపలేదు. పక్క మోటార్లు ఒక్కొక్కటి దాదాపు 500 టన్నుల బలంతో నెడతాయి, రెండు నిమిషాలు దాటగానే పని ముగించి విడిపోతాయి.

అంత తొందర ఎందుకంటే భూమి ఊరుకోదు. తోపు బరువుకు సరిగ్గా సమానమైతే రాకెట్టు గాల్లో వేలాడుతూనే ఇంధనమంతా తగలేసుకుంటుంది, ఒక్క అడుగూ ఎక్కదు. కక్ష్యలో నిలవడానికి సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. భూమ్యాకర్షణతో పెనుగులాటకే మరో ఒకటి, రెండు కిలోమీటర్ల వేగానికి సరిపడా ఇంధనం ఖర్చవుతుంది. అందుకే రాకెట్టు నిటారుగా ఎక్కువసేపు పోదు. కాస్త పైకి లేవగానే పక్కకు ఒరగడం మొదలుపెడుతుంది.

ఆ రాకెట్టుకు లాగే, ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు రేపటి నుంచి పెట్టే శ్రమకు తగ్గ ఫలం మొదట్లో కనిపించదు. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, కొత్త పరిశోధన ఏదైనా సరే, తొలి రోజుల్లో మంట ఎక్కువ, కదలిక తక్కువ. దాన్ని వృథా అనుకోకండి. అసలు వృథా వేలాడటంలో ఉంది. వెళ్దామా వద్దా అంటూ, అటూ ఇటూ కాకుండా ఒకేచోట మండిపోవడంలో ఉంది.

పొదుపు కూడా ఊరికే అబ్బదు. మన స్వదేశీ క్రయోజెనిక్ ఇంజిన్ 2010 ఏప్రిల్‌లో తొలిసారి ఎగిరినప్పుడు ప్రయోగం విఫలమైంది. 2014 జనవరిలో గానీ నెగ్గలేదు. ఆ విద్య పట్టుబడ్డాకే చంద్రయాన్-3 ప్రయాణం సాధ్యమైంది. 2023 ఆగస్టు 23న మన ల్యాండర్ చంద్రుడి మీద దిగింది.

సాయంత్రం ఇంటికెళ్లాక చుట్టాలెవరో తప్పకుండా ప్యాకేజీ ఎంతని అడుగుతారు. చిన్నబుచ్చుకోకండి. "ఇప్పుడే నేల వదిలాను బాబాయ్, మైలేజీ ఇప్పుడే అడగకూడదు" అనండి. అని ఊరుకోకండి, కదలండి.